అమ్మ గ్యాస్ టాబ్లెట్, ఒంటబట్టని మెగ్నీషియం

బీపీ చూసే పట్టీ అమ్మ చేతికి చుట్టి, గాలి కొట్టి, డాక్టరు గారు వాచీ చూసుకుంటూ నిలబడ్డారు. మామూలుగా వెంటనే గాలి వదిలేస్తారు కదా, ఈయన వదల్లేదు. రెండు నిమిషాలు గడిచాయి. "చెయ్యి లాగేస్తోంది బాబూ" అంది అమ్మ. మూడో నిమిషంలో ఆ చెయ్యి దానంతట అదే కదిలింది. మణికట్టు వంగింది. నాలుగు వేళ్లూ ఒకదానికొకటి అతుక్కుని బిగుసుకున్నాయి, బొటనవేలు వాటి కిందికి చేరింది. అచ్చం ముగ్గుపిండి పట్టుకున్న చెయ్యి. ఊహ తెలిసినప్పటి నుంచి రోజూ తెల్లవారుజామున అమ్మ చెయ్యి అలాగే ఉండటం చూశాను. ఈసారి వేళ్లు విప్పమంటే విప్పలేకపోయింది.

"కాల్షియం బాగా పడిపోయింది" అన్నారాయన గాలి వదులుతూ. "దాని వెనక ఇంకేదో ఉంది. మెగ్నీషియం ఎప్పుడైనా చూపించారా?"

చూపించలేదు. అప్పటికి నాలుగు నెలలుగా అమ్మకి రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి. పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టుంది అనేది. ఒక్కోసారి గుండె దడ. ఊళ్లో చూపిస్తే కాల్షియం తక్కువుందని టాబ్లెట్లు రాశారు. నెల పోయాక మళ్లీ చూస్తే అంతే ఉంది, మోతాదు పెంచారు. ఈలోగా మా పిన్ని వాట్సాప్‌లో ఒక జాబితా పంపింది. పిక్కలు పట్టేస్తుంటే అది మెగ్నీషియం లోపమే, గుమ్మడి గింజలు, బాదం, అరటిపండు, పాలకూర తినండి అని. అన్నయ్య బెంగళూరు నుంచి గుమ్మడి గింజలు, బాదంపప్పు, వాటితో పాటు ఒక మెగ్నీషియం టాబ్లెట్ల డబ్బా ఆర్డరు పెట్టాడు. అమ్మ ఆరు వారాల పాటు అన్నీ శ్రద్ధగా తింది, వేసుకుంది.

ఆ ఆరు వారాల తర్వాత, ఈ డాక్టరు గారు చేయించిన మెగ్నీషియం పరీక్షలో వచ్చిన అంకె 0.8. ఉండాల్సింది 1.7కీ 2.2కీ మధ్య అని ల్యాబు కాగితం మీదే అచ్చు వేసి ఉంది.

పిన్ని పంపిన జాబితాలో తప్పేం లేదు. అవన్నీ మెగ్నీషియం ఉన్న పదార్థాలే. కానీ తిన్నది అమ్మకి ఒంటబట్టలేదు. ఎందుకు ఒంటబట్టలేదన్న సంగతి ఆ జాబితాలో లేదు. ఆ తర్వాత నేను వెతికి వెతికి చదివిన తెలుగు వ్యాసాల్లోనూ ఎక్కడో చివర ఒక వాక్యంగా తప్ప కనపడలేదు. అందరూ ఏం తినాలన్న దగ్గరే ఆగిపోతున్నారు. అరవై దాటిన వాళ్లున్న ఇంట్లో మెగ్నీషియం మాట వస్తే, కంచం కంటే ముందు మందుల డబ్బా తెరిచి చూడాలి. ఇదే నేను చెప్పదలుచుకున్నది. ఎందుకంటున్నానో కాస్త వివరంగా రాస్తాను.

కంచంలో ఎంత, ఒంట్లోకి ఎంత

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ కలిసి 2020లో సవరించిన లెక్క ప్రకారం మగవాళ్లకి రోజుకు 440 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకి 370 మిల్లీగ్రాముల మెగ్నీషియం కావాలి. ఇది తినాల్సిన లెక్క. తిన్నదాంట్లో పేగు గోడ దాటి రక్తంలోకి చేరేది మామూలుగా 30 నుంచి 40 శాతమే, మిగతాది బయటికి పోతుంది. ఆ పోయేదాన్ని కూడా కలుపుకునే 440, 370 అన్నారు కాబట్టి దాని గురించి బెంగ అక్కర్లేదు.

నాకు కొత్తగా తెలిసిందేంటంటే ఈ శాతం ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద చేసి 1991లో ప్రచురించిన ఒక పరిశోధనలో, బాగా తక్కువ మెగ్నీషియం ఇచ్చినప్పుడు పేగు దాంట్లో 65 శాతం దాకా పట్టుకుంది. బాగా ఎక్కువ ఇచ్చినప్పుడు 11 శాతం తీసుకుని మిగతాది వదిలేసింది. జీతం ఆలస్యమైన నెలలో అమ్మ ప్రతి రూపాయినీ చూసి చూసి వాడేది. పేగు చేసే పని కూడా అదే. కిడ్నీలు కూడా అంతే, ఒంట్లో తగ్గుతోందనగానే మూత్రంలో పోయేదాన్ని బిగబడతాయి. ఇన్ని కాపలాలు ఉండగా, రోజూ తోటకూర పప్పు, వేరుశనగ పచ్చడి, ఉదయం రాగిజావ తీసుకునే మనిషికి 0.8 రావడమంటే ఆ కాపలాల్లో ఏదో ఒకటి పాడై ఉండాలి.

పేగులో మెగ్నీషియానికి రెండు దార్లున్నాయి. ఒకటి కణాల మధ్య సందుల్లోంచి. పేగులో ఎక్కువ ఉంటే అటు కొంత దానంతట అదే జారిపోతుంది. రెండోది కణాల మీదున్న తలుపుల్లాంటి ప్రొటీన్లు. తిండిలో తక్కువ ఉన్నప్పుడు వెతికి పట్టుకుని లోపలికి లాగేవి ఇవే. వీటిలో ముఖ్యమైనది టీఆర్‌పీఎం6. దీని సంగతి 2002లో బయటపడింది, అదీ ఒక అరుదైన జబ్బు వల్ల. ఆ జన్యువులో లోపంతో పుట్టిన పిల్లలకి నెలల వయసులోనే ఫిట్స్ వస్తాయి. రక్తం పరీక్ష చేస్తే మెగ్నీషియమూ, కాల్షియమూ రెండూ బాగా పడిపోయి ఉంటాయి.

ఆ జబ్బు గురించి చదువుతున్నప్పుడు నాకు అమ్మ రిపోర్టు గుర్తొచ్చింది. మెడలో థైరాయిడ్ వెనక ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు కాల్షియాన్ని చూసుకుంటాయి. మెగ్నీషియం బాగా తగ్గితే అవి పని ఆపేస్తాయి. అప్పుడు ఎన్ని కాల్షియం టాబ్లెట్లు మింగినా రక్తంలో కాల్షియం పెరగదు. పొటాషియం కూడా ఇలాగే మొండికేస్తుంది. అమ్మ నాలుగు నెలలు మింగిన కాల్షియం ఎందుకు పనిచేయలేదో అప్పటిదాకా మాకు ఎవరూ చెప్పలేదు.

రాగుల మీద పడ్డ నింద

ఈమధ్య ఇంకో రకం వ్యాసాలు బాగా తిరుగుతున్నాయి. రాగుల్లో, పప్పుల్లో ఫైటిక్ ఆమ్లం ఉంటుంది, పాలకూరలో ఆక్సలేట్లు ఉంటాయి, ఇవి మెగ్నీషియాన్ని కట్టిపడేస్తాయి, తిన్నా దండగే అని. నా స్నేహితురాలు ఒకామె ఇవి చదివి పిల్లాడికి రాగిజావ మాన్పించేసింది. అది విని నాకు నిజంగా బాధేసింది.

కట్టిపడేసే మాట అబద్ధం కాదు. స్విట్జర్లాండ్‌లో తెల్ల బ్రెడ్డుకి ఫైటిక్ ఆమ్లం కలిపి పెట్టి చూశారు, కలిపిన కొద్దీ ఒంటబట్టే మెగ్నీషియం తగ్గింది. పాలకూరనీ, ఆక్సలేట్లు తక్కువుండే కేల్ ఆకునీ పోల్చి చూస్తే కేల్ నుంచి 37 శాతం దాకా, పాలకూర నుంచి 27 శాతం దాకా ఒంటబట్టింది. కానీ ఆ అంకెలే ఇంకోసారి చూడండి. అన్ని ఆక్సలేట్లు ఉన్న పాలకూర నుంచి కూడా పావు వంతు పైనే వచ్చింది. పైగా తెల్ల బ్రెడ్డులో మెగ్నీషియం ముందే తక్కువ. రాగులైతే తమ ఫైటిక్ ఆమ్లంతో పాటు వంద గ్రాములకి 140 మిల్లీగ్రాముల పైచిలుకు మెగ్నీషియాన్ని కూడా వెంట తెస్తాయి.

అంతకంటే ముఖ్యం, మనం గింజని గింజలాగే నమలం. మా అమ్మమ్మ రాగుల్ని రాత్రంతా నానబెట్టి, తెల్లటి పంచె గుడ్డలో మూట కట్టి, వంటింటి మేకుకి వేలాడదీసేది. మర్నాటికి గుడ్డలోంచి తెల్లటి మొలకలు పొడుచుకొచ్చేవి. వాటిని నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి, విసిరి జావకి దాచేది. నానబెట్టినప్పుడు, మొలకెత్తినప్పుడు గింజలోనే ఉండే ఫైటేజ్ అనే ఎంజైము ఆ ఫైటిక్ ఆమ్లాన్ని విరగ్గొడుతుంది. ఇడ్లీ పిండి రాత్రంతా పులిసినా, అంబలి పులిసినా జరిగేది అదే. అమ్మమ్మకి ఫైటేజ్ పేరు తెలియదు. అలా చేస్తే పిల్లలకి ఒంటబడుతుందని మాత్రం తెలుసు, ఆ మాటే అనేది కూడా.

తిండి వైపు నుంచి నష్టం చూడాలనుకుంటే నేను బియ్యం వైపు చూస్తాను. దంపుడు బియ్యంలో వందకి 90 మిల్లీగ్రాముల పైన ఉండే మెగ్నీషియం పాలిష్ పట్టాక 20కి దిగిపోతుంది. ఫైటిక్ ఆమ్లం తగ్గించేదానికంటే మర తీసేసేదే ఎక్కువ. గంజి వార్చి పారబోస్తే ఆ 20లోనూ కొంత పోతుంది. ఆర్వో నీళ్ల సంగతి కూడా ఇలాంటిదే. బోరు నీళ్లలో కరిగి ఉండే మెగ్నీషియం బాగానే ఒంటబడుతుంది, ఆర్వో యంత్రం దాన్ని దాదాపు అంతా తీసేస్తుంది. అయితే నల్గొండ లాంటి చోట్ల ఫ్లోరైడ్‌తో ఎముకలు వంకర్లు పోయిన మనుషుల్ని చూసినవాళ్లెవరూ ఆర్వో మానేయమని చెప్పలేరు, నేనూ చెప్పను. ఆ లోటు తిండితో పూడ్చుకోవాలంతే.

ఇంకొకటి. రోజుకు 30 గ్రాముల కంటే తక్కువ ప్రొటీను తినేవాళ్లలో మెగ్నీషియం సరిగ్గా ఒంటబట్టదని తేలింది. పళ్లు ఊడిపోయి, వండుకునే ఓపిక లేక, రెండు పూటలా మజ్జిగన్నంతో గడిపేసే పెద్దవాళ్లు మనకి ఎంతమంది లేరు? వయసుతో పేగు పట్టు కూడా సడలుతుంది. ఫైటిక్ ఆమ్లం గురించి రాసే వాళ్లు వీళ్ల గురించి రాస్తే బాగుండును.

పరగడుపున వేసుకునే టాబ్లెట్

"ఇంట్లో వేసుకునే మందులన్నీ తీసుకురండి" అన్నారు డాక్టరు గారు. అమ్మ తన స్వీట్ల డబ్బా తెచ్చింది. బీపీ టాబ్లెట్, కాల్షియం, అన్నయ్య పంపిన మెగ్నీషియం, అడుగున పాంటోప్రజోల్ 40 షీటు ఒకటి, సగం వాడింది.

"ఇది ఎప్పటి నుంచమ్మా?"

"అదా? అది గ్యాస్‌దండీ" అంది అమ్మ. ఆవిడ లెక్కలో అది మందే కాదు. ఊళ్లో డాక్టరు "ఏం మందులు వాడుతున్నారు" అని అడిగినప్పుడు కూడా దాని పేరు చెప్పలేదు.

ఇంటికెళ్లి పాత ఫైలు వెతికితే ఆ చీటీ దొరికింది. ఏడేళ్ల కిందట మోకాలి నొప్పికి పెయిన్ కిల్లర్ పది రోజులు, దాంతో పాటు గ్యాస్ టాబ్లెట్ పది రోజులు. పెయిన్ కిల్లర్ ఆగిపోయింది, గ్యాస్ టాబ్లెట్ ఆగలేదు. వీధి చివర మెడికల్ షాపు అబ్బాయి అమ్మని చూడగానే "మామూలుదేనా పిన్నిగారూ?" అని షీటు తీసి చేతిలో పెట్టేవాడు. ఆ అబ్బాయిని నేనేమీ అనను. ఏడేళ్లలో నేను ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్లాను, ఆ షీటు బల్ల మీద ఎన్నిసార్లు చూశాను, ఒక్కసారైనా ఇదెందుకమ్మా అని అడిగానా?

ఈ పాంటోప్రజోల్ జాతి మందుల్లో మొదటిది ఒమెప్రజోల్, 1988లో మార్కెట్లోకి వచ్చింది. వీటిని ఏళ్ల తరబడి వాడేవాళ్లలో మెగ్నీషియం, కాల్షియం రెండూ పడిపోవడం గురించి వైద్య పత్రికలో మొదటి రిపోర్టు వచ్చింది 2006లో. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011 మార్చిలో హెచ్చరిక జారీ చేసింది. ఎక్కువ కేసులు ఏడాదికి పైగా వాడినవాళ్లలోనే కనిపించాయని, వాటిలో సుమారు పావు వంతు మందికి మెగ్నీషియం టాబ్లెట్లు ఇచ్చినా లాభం లేక అసలు గ్యాస్ మందే ఆపాల్సి వచ్చిందని అందులో ఉంది. అమ్మ ఆ పావు వంతులో ఒకరు. మూత్రం ఎక్కువ పోయించే మందులు కూడా వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలని అదే హెచ్చరికలో రాశారు. అమ్మ బీపీ టాబ్లెట్లో అలాంటి మందు కలిసి ఉంది. పేగు లోపలికి తీసుకోవట్లేదు, ఉన్న కాస్తా మూత్రంలో పోతోంది.

గ్యాస్ మందుకీ మెగ్నీషియానికీ సంబంధం ఏమిటంటే, కడుపులో ఆమ్లం తగ్గడం వల్ల కింద పేగులో కూడా వాతావరణం మారి, నేను పైన చెప్పిన టీఆర్‌పీఎం6 తలుపులు సరిగ్గా పనిచేయవన్నది ఎక్కువమంది చెప్పే వివరణ. పేగులోని సూక్ష్మజీవులు మారడం కూడా కారణమని ఇంకొందరంటారు. ఏదైనా, గుమ్మడి గింజలు ఆ తలుపు ముందు దాకా వెళ్లి ఆగిపోయాయి.

అమ్మకి మూడు రోజులు సెలైన్‌లో మెగ్నీషియం ఎక్కించారు. పాంటోప్రజోల్ ఆపి, అవసరమైనప్పుడు వేసుకోవడానికి వేరే జాతి మందు ఫామోటిడిన్ రాశారు. బీపీ మందు మార్చారు. పది రోజులకి 1.6, నెలకి 1.9. కాల్షియం టాబ్లెట్లు పెంచకుండానే కాల్షియం దానంతట అదే పైకొచ్చింది.

నా వాదనకి ఎదురు నిలిచేవి

ఒక్క అమ్మని చూసి లోకమంతటికీ చెబుతున్నానా అని చాలా రోజులు ఆలోచించాను. గ్యాస్ టాబ్లెట్ వేసుకునే వాళ్లలో ఎక్కువమందికి మెగ్నీషియం పడిపోదు. ఇది నిజం, దాచకుండా చెప్పాలి. కానీ ఈ మందు వాడేవాళ్లు అన్ని లక్షల మంది ఉన్నప్పుడు, వాళ్లలో చాలామంది ఎందుకు వాడుతున్నారో మర్చిపోయి వాడుతున్నప్పుడు, అరుదైన నష్టం కూడా చాలా ఇళ్ల తలుపు తడుతుంది.

రెండోది నన్ను ఎక్కువ భయపెట్టేది. ఈ వ్యాసం చదివి ఎవరైనా రేపు పొద్దున్నే గ్యాస్ టాబ్లెట్ మానేస్తే? దయచేసి ఆ పని చేయకండి. స్టెంట్ పడి రెండు రకాల రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవాళ్లకి, కడుపులో పుండు పడి రక్తస్రావమైన వాళ్లకి ఈ టాబ్లెట్టే ప్రాణం కాపాడుతుంది. అవసరం లేనివాళ్లు కూడా డాక్టరు చెప్పిన పద్ధతిలోనే ఆపాలి, ఎందుకంటే ఏళ్ల తరబడి అణిగి ఉన్న ఆమ్లం ఒక్కసారి ఎగదన్నుతుంది. అమ్మకి రెండు వారాలు గుండెల్లో మంట పడింది. ఒక రాత్రి రెండు గంటలకి లేచి మంచం మీద కూర్చుని "ఆ టాబ్లెట్ ఒక్కటి ఇచ్చెయ్యవే" అని చెయ్యి చాపింది. నాకు ఏడుపొచ్చింది. ఇవ్వలేదు. మజ్జిగ ఇచ్చి, తలగడ ఎత్తు పెంచి, తెల్లారేదాకా పక్కనే కూర్చున్నాను.

మూడోది, పిక్కల సంగతి. పిన్ని మాట అమ్మ విషయంలో నిజమైంది కానీ, పిక్కలు పట్టిన ప్రతి పెద్దమనిషికీ మెగ్నీషియం లోపం ఉందనుకోవడం తప్పు. రాత్రిళ్లు పిక్కలు పట్టే పెద్దవాళ్లకి మెగ్నీషియం టాబ్లెట్లు ఇచ్చి చేసిన పరిశోధనలన్నిటినీ కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థ సమీక్షలో కలిపి చూస్తే చెప్పుకోదగ్గ లాభమేమీ కనపడలేదు.

ఇక పరీక్ష. ఒంట్లో ఉన్న సుమారు 25 గ్రాముల మెగ్నీషియంలో సగానికి పైగా ఎముకల్లో ఉంటుంది. రక్తంలో ఉండేది ఒక శాతం కూడా కాదు. కాబట్టి రిపోర్టులో అంకె బాగుంటే లోపం లేదని గట్టిగా చెప్పలేం. అంకె తగ్గిందంటే మాత్రం వదిలేయడానికి వీల్లేదు. ఏడాదికి పైగా గ్యాస్ మందు వాడుతూ, పైన మూత్రం మందు కూడా ఉన్న పెద్దవాళ్లకి ఏడాదికోసారి ఈ పరీక్ష గురించి డాక్టర్ని అడగడంలో తప్పు లేదంటాను.

టాబ్లెట్లు కొనేవాళ్లకి రెండు మాటలు

అన్నయ్య పంపిన డబ్బా వెనక చిన్న అక్షరాల్లో మెగ్నీషియం ఆక్సైడ్ అని ఉంది. చవక, ఒక్క టాబ్లెట్లో ఎక్కువ పడుతుంది, కానీ సరిగ్గా కరగదు కాబట్టి ఒంటబట్టేది బాగా తక్కువ. సిట్రేట్ లాంటివి దానికంటే నయం. ఒంటబట్టనిది పేగులోకి నీళ్లు లాగి విరేచనాలు చేయిస్తుంది. మలబద్ధకానికి తాగే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా పనిచేసేది ఆ గుణంతోనే. పెద్ద మోతాదు ఒకేసారి మింగే కంటే రెండు మూడు సార్లుగా, తిండితో పాటు వేసుకుంటే మేలు. థైరాయిడ్ టాబ్లెట్‌కీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే ఆ మందు ఒంటబట్టదు. కొన్ని యాంటీబయాటిక్స్‌తోనూ ఇదే గొడవ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు సొంతంగా అసలు వేసుకోకూడదు, వాళ్లకి అది బయటికి పోక ఒంట్లోనే పేరుకుపోతుంది.

మొన్న ఆదివారం పిన్ని ఫోన్ చేసింది. అమ్మ ఎలా ఉందని అడిగి, అంతా విన్నాక కాసేపు మాట్లాడలేదు.

"ఏంటి పిన్నీ?"

"మేమిద్దరం కూడా వేసుకుంటామే అది. మీ బాబాయికి స్టెంట్ వేసినప్పుడు రాశారు. ఒకే షీటు కదా అని నేనూ వేసుకుంటున్నా."

"నువ్వు ఎప్పటి నుంచి?"

"ఆయనతో పాటే. నాలుగేళ్లయింది."

బాబాయిది మాత్రం ఆపొద్దని రెండుసార్లు చెప్పాను. నీది ఎందుకు వేసుకుంటున్నావో ఒక కాగితం మీద రాసుకుని, వాడే మందులన్నీ సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లు అన్నాను. గురువారం వెళ్తానంది. గ్యాస్ షీటు కూడా సంచిలో వేసుకోమని బుధవారం రాత్రి ఫోన్ చేసి గుర్తుచేయాలి.